కెంచమ్మ చెప్పని లెక్క

కాటప్పనహట్టిలో ఎవరింట్లో ఏం ఆగిపోయినా ముందు గుర్తొచ్చేది భూమికే. పింఛను ఆగినా, వీధిలైటు ఆరినా, రేషను కార్డులో మొగుడి పేరు ఉండాల్సిన చోట మామ పేరు పడినా, "ఆ అర్జీల పిల్లను పిలవండ్రా" అంటారు. ఇరవై రెండేళ్ళ పిల్ల. పొట్టి మనిషి, నడిచినా పరుగెత్తినట్టే ఉంటుంది. తెల్లవారకముందే సోలార్ ప్లాంటులో అద్దాలు కడిగే ఆడవాళ్ళతో కూలికి పోతుంది. మధ్యాహ్నం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కోకముందే గడప దగ్గర ఎవరో ఒకరు కాగితం పట్టుకుని కూర్చుని ఉంటారు. విసుక్కుంటుంది, విసుక్కుంటూనే రాస్తుంది. అర్జీ కన్నడంలో సాగుతుంది, తిట్లు మాత్రం తెలుగులో పడతాయి.

ఈ పిచ్చి ఆమెకు ఏడో తరగతిలో పట్టుకుంది. బళ్ళో మక్కళ గ్రామసభ పెట్టారు. పిల్లలు తమ కష్టాలను పంచాయతీ వాళ్ళకు నేరుగా చెప్పుకునే సభ అది. మిగతా పిల్లలు ఆటస్థలం కావాలి, కంప్యూటర్లు కావాలి అని మేష్టర్లు నేర్పినవి అప్పజెప్పి కూర్చున్నారు. భూమిక లేచి, "ఆడపిల్లోల్ల మరుగుదొడ్డికి గడియ లేదు సార్. ఒకరు లోపలికి పోతే ఇంగొకరు బయట తలుపు పట్టుకోని నిలబడల్ల" అంది. సభంతా గొల్లున నవ్వింది. ఈ పిల్ల మాత్రం నవ్వలేదు. ఎనిమిది నెలలు వెంటబడి, నాలుగు అర్జీలు పెట్టి, గడియ పెట్టించి గానీ ఊరుకోలేదు. ఆ గడియ బిగిస్తున్నంతసేపూ వడ్రంగి పక్కనే నిలబడి మేకులు అందించింది.

అమ్మానాన్నలు బెంగుళూరులో కట్టడం పనులకు పోతే ఆమె పెరిగిందంతా అవ్వ కెంచమ్మ దగ్గరే. అవ్వ దగ్గర అంటే గొర్రెల మంద దగ్గర అని అర్థం. భూమిక పావగడలో బి.ఏ. చదివిన మూడేళ్ళూ పరీక్షలు వచ్చినప్పుడల్లా ఒక పొట్టేలు సంతదారి పట్టేది. పోయే పొట్టేలుకు కెంచమ్మ మూతి తుడిచి, "పో నాయనా, పాప చదువుకు పోతాండావు" అని చెప్పి మరీ పంపేది.

కెంచమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. భుజాన నల్ల కంబళి, చేతిలో కట్టె, నోట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద చిరాకు. సాయంత్రం మంద రొప్పంలోకి చేరేటప్పుడు ముళ్ళకంప వాకిలి పక్కన నిలబడి ఒక్కొక్క మొఖమూ చూస్తుంది. అంతే. వేలు మడవదు, పెదవి కదపదు. "బొల్లి చెవిది రాలేదే, ఆ కొలిమి రాళ్ళ కాడ సూడు పో" అంటుంది. పోయి చూస్తే అది అక్కడే ఉంటుంది.

ఎన్ని ఉన్నాయని మాత్రం అడగకూడదు. గొర్రెల కాపరుల ఆ హట్టిలో మందను పైకి లెక్కపెట్టరు. అడిగినవాడికి "దేముడిచ్చినన్ని ఉండాయి" అని చెబుతారు, మరీ గుచ్చి అడిగితే "ఓ గుంపు" అంటారు. కెంచమ్మకు ఈ పట్టింపు అందరికంటే ఎక్కువ, దానికో కారణముంది. పెళ్ళైన కొత్తలో ఆమె మొగుడు గంగప్ప నాగలమడికలో ఒక చుట్టం ముందు మీసం దువ్వుకుంటూ మంద సంఖ్య చెప్పేశాడు. పదిహేను రోజులు తిరక్కుండా నాలుక నీలంగా మారే రోగం వచ్చి మందలో సగం పోయింది. ఆ మాట జారినందుకు గంగప్ప బతికినన్నాళ్ళూ తనను తానే తిట్టుకున్నాడు. పోయేముందు కూడా, "నోరు జాగ్రత్తే" అన్నాడట. అలాంటి మనిషిని పట్టుకుని లెక్క చెప్పమని ఎవరడుగుతారు చెప్పండి?

భూమిక ఎనిమిదో తరగతిలో ఉండగా సోలార్ పార్కు వచ్చింది. చేలు గుత్తకు పోయాయి, వేరుశెనగ వేసిన చోట అద్దాలు లేచాయి, అద్దాల చుట్టూ ఇనుప కంచె లేచింది. కంచె లేచినప్పుడు ఎవరికీ తోచలేదు గానీ, హట్టి నుంచి నల్లకుంటకు గొర్రెలు పోయే దారి సరిగ్గా దాని కిందికి వెళ్ళిపోయింది. ఒకప్పుడు మంద అర్ధగంటలో నీళ్ళకు చేరేది. ఇప్పుడు కంచె చుట్టూ తిరిగి, తారురోడ్డు దాటి, లారీలకు భయపడి చెదిరినవాటిని కూడదీసుకుని చేరేసరికి పూట గడిచిపోతుంది. "అద్దాలకు నీళ్ళు పోసి కడుగుతారు, గొడ్డూ గోదా నోరెండి సచ్చినా వీళ్ళకు పట్టదు" అని కెంచమ్మ రోజూ అంటుంది. ఆ అద్దాలు కడిగేది తన మనవరాలేనని ఆమెకు తెలుసు, అందుకే ఇంకాస్త గట్టిగా అంటుంది.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో కెంచమ్మ మోకాళ్ళు మొరాయించాయి. ఒక సాయంత్రం మందను రొప్పంలోకి తోలి, గోడకు చేరగిలబడి, ఎంతసేపటికీ లేవలేదు. భూమిక వచ్చి కాళ్ళు పట్టబోతే తోసేసింది.

"హొన్నూరప్పకు చెప్పినానే. ఉగాది అయినాక మూడో దినం లారీ తెస్తాడు. అంతా తోలిచ్చేస్తా" అంది. హొన్నూరప్ప సంతకు గొర్రెలు కొనుక్కుపోయే బేరగాడు.

"అంతానా?"

"నా కాళ్ళకు తిరిగేకి కాదు. సగం ఉంచుకోని ఏం జేసుకుందును? దారి ఉంటే ఇంగో పదేండ్లు మేపుదును. లేదు కదా, గమ్మునుండు."

గొర్రెలు లేని కెంచమ్మను భూమిక ఊహించుకోలేకపోయింది. ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తుంది? ఎవరిని తిడుతుంది? ఏడుపొచ్చింది, ఏడిచింది కూడా. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని కాగితం తీసింది.

ఈసారి అర్జీ ఒక్కరిది కాదు. హట్టిలో గొర్రెలున్న పద్నాలుగు ఇళ్ళ పిల్లలూ కలిశారు. పావగడ బస్టాండు దగ్గర ఫోన్ల రిపేరు అంగడి పెట్టుకున్న ప్రశాంత్‌కుమార్ పాత దారి, కొత్త దారి రెండింటినీ ఫోనులో గీసి తెచ్చాడు. నలభై ఒక్క సంతకాలు పెట్టించారు. కంచె మధ్యలో ఇరవై అడుగుల దారి విడిచి, రెండు కొసలా గేట్లు పెట్టాలన్నది కోరిక. గ్రామసభ రోజున పిల్లలందరూ ఉతికిన బట్టలు వేసుకుని, ముందు వరుసలో కూర్చున్నారు.

పంచాయతీ అధికారి పీడీఓ నందీశ్ చెడ్డవాడేం కాదు. పంచాయతీకి వచ్చి ఏడాదైంది, అర్జీ పూర్తిగా చదివి గానీ మాట్లాడడు. చదివాడు, కంప్యూటరులో ఏదో వెతికాడు, తల గోక్కున్నాడు.

"చూడమ్మా, పోయిన పశువుల గణతిలో మీ హట్టి మొత్తానికి రెండు నూర్ల పద్నాలుగు గొర్లే ఉండాయి. ఇన్నిటికే కంచె తియ్యమంటే కంపెనీ వాళ్ళు ఒప్పుకుంటారా? రేపు తాలూకా ఆఫీసులో నన్ను అడిగితే నేనేం చెప్పల్ల?"

వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు. రెండు వందల పద్నాలుగా! కెంచమ్మ మరిది కాటయ్య ఒక్కడి రొప్పంలోనే అంతకు తక్కువ ఉండవు. ప్రశాంత్‌కుమార్ లేచి, "ఎవడు సార్ ఆ లెక్క రాసినోడు? బుద్ధుండాదా వానికి?" అని గట్టిగా అడిగాడు. భూమిక అతని చొక్కా పట్టి లాగింది. అప్పటికే ఆమె మొఖం పాలిపోయింది.

రాసింది భూమికే. పోయిన చలికాలంలో పశువులను లెక్కపెట్టే ఆ గణతికి వచ్చినాయన పొరుగూరి మనిషి, ఇళ్ళు తెలియవు. చదువుకున్న పిల్ల కదా అని భూమికను తోడు తీసుకున్నాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి అడిగి నోటుబుక్కులో రాసింది, ఆయన దాన్ని ఫోనులోకి ఎక్కించుకుని పోయాడు. అడిగిన ప్రతి ఇంట్లోనూ ఒకే తంతు. "పది ఏసుకో." "ఓ పదైదు రాసుకోమ్మా." కాటయ్య అయితే ఆకాశంకేసి చూసి, "ఏవో రెండు మూడుండాయిలే" అన్నాడు. సొంత అవ్వ, "ఇరవై ఏసుకోయే, ఎవడు చూసొచ్చినాడు" అంటే భూమిక నవ్వుకుంటూ ఇరవై వేసింది. పెద్దల పట్టింపును కాపాడినందుకు ఆ రోజు లోలోపల మురిసిపోయింది కూడా. గడియ కోసం ఎనిమిది నెలలు పోరాడిన పిల్లకు, కాగితం మీద లేనిది సర్కారు కంటికి ఆనదని ఆ రోజు తట్టలేదు.

ఇప్పుడేం చేయాలి? నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు. లేచి నిలబడింది.

"సార్, ఆ లెక్క తప్పు. రాసింది నేనే. తప్పని తెలిసే రాసినా."

నందీశ్ అర్జీ పక్కన పెట్టి, "ఆ మాట కాగితం మీద పెడితే నీకే చెడ్డపేరు వస్తాదమ్మా" అన్నాడు.

"రానీండి సార్. పెట్టుకోండి. దారి మాత్రం కావల్ల."

నందీశ్ గడువిచ్చాడు. మూడు వారాల్లో మళ్ళీ సభ పెడతానన్నాడు. ఈసారి ఇంటింటి లెక్కకు పశువుల డాక్టరు సంతకం ఉండాలి. పోయినసారి తప్పు చెప్పింది యజమానులే గనుక, ఈసారి ఆ యజమానులే సభలో నిలబడి తమ నోటితో చెప్పాలి. కంపెనీ మనిషిని కూడా పిలుస్తానన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే హట్టి భగ్గుమంది. కాటయ్య తలగుడ్డ తీసి నేలకు కొట్టాడు. "మందను లెక్కబెట్టేకి పుట్టినారేమే మీరు? దారి లేకుంటే పాయె, జీవాలు మిగలల్లనా వద్దా?" అని అరిచాడు. కెంచమ్మ మాత్రం సంగటి ముద్ద కంచంలో వేసి మనవరాలి ముందుకు తోసి, అటు తిరిగి పడుకుంది. ఆమె తిట్టకపోవడంతోనే భూమికకు ఎక్కువ భయం వేసింది.

ప్రశాంత్‌కుమార్‌కు ఒక ఉపాయం తోచింది. మనం లెక్కపెట్టొద్దు, ఫోటో తీద్దాం, ఫోటోను లెక్కపెడదాం అన్నాడు. మంచినీళ్ళ ట్యాంకు ఎక్కి కాటయ్య మందను ఫోటో తీశాడు. ఒకసారి లెక్కపెడితే నూట తొంభై రెండొచ్చాయి, మరోసారి రెండు వందల ఏడు. నిలబడిన గొర్రె వెనక ఇంకో గొర్రె, దాని వెనక మరోటి. చివరికి తేలిందేమంటే, అబ్బాయిగారు రెండు బండరాళ్ళను కూడా గొర్రెల్లో కలిపేశారు. వారం రోజులు హట్టి పిల్లలు అతన్ని చూస్తే చాలు, "అన్నా, నీ బండరాళ్ళు ఈనినాయా?" అని అడిగారు.

దారి చూపించింది మాత్రం ఒక సూది. ఏటా ఆ కాలంలో పశువుల డాక్టరు వచ్చి గొర్రెలకు పారుడు రోగం రాకుండా టీకాలు వేస్తాడు. సూది వేయించుకోవడానికి ఏ పెద్దకూ అభ్యంతరం లేదు. సీసాకు వంద గొర్రెల మందు ఉంటుందని భూమికకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆ ఖాళీ సీసాలతో ఆడుకుంటూనే పెరిగింది. పావగడ పోయి డాక్టరును కలిసి, టీకాలు తొందరగా వేయమని, ఒక్కో రొప్పం అయ్యాక ఎంత మందు ఖర్చయిందో చీటీ రాసిమ్మని బతిమాలింది.

"అంటే గొర్లను లెక్కబెట్టేది నేనా?" అన్నాడు డాక్టరు.

"కాదు సార్. మీరు మందును లెక్కబెడతారు. గొర్ల జోలికి పోనే పోరు."

డాక్టరు పడీ పడీ నవ్వి ఒప్పుకున్నాడు. రెండు రోజులు టీకాలు నడిచాయి. పిల్లలు గొర్రెలను పట్టి ఇస్తుంటే పెద్దలు కంబళ్ళు కప్పుకుని దూరంగా కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఆకూ వక్కా నమిలారు. పద్నాలుగు చీటీలూ కలిపితే పద్దెనిమిది నూర్ల అరవై ఎనిమిది. కెంచమ్మ చీటీలో నూట నలభై మూడు. భూమిక ఆ చీటీని మడిచి అవ్వకు చూపించకుండా దాచింది. చెప్పమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. రెండోసారి సభకు పోయేరోజు పొద్దున, "అవ్వా, నువ్వు రాకున్నా ఫరవాలేదులే" అని మాత్రం అంది. కెంచమ్మ ఉతికిన చీర కట్టుకుంది.

సభలో డాక్టరుతో పాటు కంపెనీ మేనేజరు కూడా కూర్చున్నాడు. నందీశ్ ఒక్కొక్క పేరూ పిలిచాడు. కాటయ్య లేచి చేతులు కట్టుకుని, "డాక్టరు రాసినంత సామీ" అని కూర్చున్నాడు. తర్వాతాయనా అదే మాట. ఆ తర్వాతామే అదే. పదమూడు ఇళ్ళవాళ్ళూ పాఠం ఒప్పజెప్పినట్టు "డాక్టరు రాసినంత" అనేసరికి నందీశ్‌కు నవ్వాగలేదు, కానీ మేనేజరు నవ్వలేదు.

"సార్, సొంత గొర్రెలు ఎన్నో సొంత నోటితో చెప్పలేకపోతున్నారు. పోయినసారి ఒక లెక్క, ఈసారి ఒక లెక్క. ఏది నమ్మి మేం కంచె తీయాలి?" అన్నాడు.

ఆ మాటలో తప్పేముంది? భూమికకే తప్పు కనబడలేదు. నందీశ్ కూడా నవ్వు ఆపి, "ఒక్కరైనా నోరు తెరిచి చెప్పండప్పా, నేను తీర్మానంలో ఏమని రాయల్ల?" అన్నాడు. ఎవరూ కదల్లేదు. జాబితాలో మిగిలింది ఒక్క పేరు.

కెంచమ్మ కట్టె ఊతంగా లేచింది. ఒకసారి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. భూమిక "వద్దులే అవ్వా" అనబోయింది.

"రాసుకో నాయనా" అంది కెంచమ్మ. "నూట నలభై నాలుగు."

కాటయ్య చెవులు మూసుకున్నాడు. డాక్టరు చీటీ తిప్పి చూసి, "నా దగ్గర నూట నలభై మూడే ఉందే. సూది వేయని పిల్ల ఏదన్నా ఉండాదా అవ్వా?" అని అడిగాడు.

"లేదు. ఉంటే నాకు తెలీదా?"

"చూశారా!" అన్నాడు మేనేజరు. "మళ్ళీ తప్పు లెక్కే."

"తప్పు ల్యాదు" అని కెంచమ్మ అతనికేసి తిరిగింది. "జీవాలు నూట నలభై మూడు, నేనొకదాన్ని. అవి నడిచే దారిలో నేను నడవనా ఏందప్పా? నీ కంచె సుట్టూ తిరిగి అరిగిపోయిన మోకాల్లు గొర్లవి కాదు, నావి. నన్నూ ఏసుకోవల్ల లెక్కలోకి."

అంతలో చెవుల మీది చేతులు తీసి కాటయ్య లేచాడు. తనదీ చెప్పేశాడు, తనతో కలిపి. ఆ వెనక మిగతా పన్నెండు ఇళ్ళూ చెప్పాయి, కొన్ని అరిచీ, కొన్ని గొణిగీ. తీర్మానంలో నందీశ్, పద్దెనిమిది నూర్ల అరవై ఎనిమిది గొర్రెలకూ వాటి వెంట నడిచే పద్నాలుగు మంది మనుషులకూ దారి విడవాలి అని రాయించాడు. రాసింది భూమికే. అక్షరాలు కాస్త వంకరపోయాయి, కళ్ళల్లో నీళ్ళుంటే మరి పోవా?

తాలూకా నుంచి సర్వేవాళ్ళు వచ్చారు, కంపెనీవాళ్ళు రెండుసార్లు వాయిదా వేశారు, పిల్లలు మూడుసార్లు పావగడ పోయి ఆఫీసు ముందు కూర్చున్నారు. ఉగాదికి రెండు రోజులుందనగా గేటు తెరిచారు. రెండు వైపులా అద్దాలు, మధ్యలో ఇరవై అడుగుల మట్టిదారి. మొదటి రోజు మందతో పాటు భూమిక కూడా పనికి సెలవు పెట్టి నడిచింది. అర్ధగంటలో నల్లకుంట వచ్చేసింది. గొర్రెలు నీళ్ళలో మూతులు పెట్టాయి. కెంచమ్మ గట్టున కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"హొన్నూరప్పకు ఫోను జెయ్యి. లారీ వద్దను" అంది.

భూమిక చేసింది. అవతల హొన్నూరప్ప గొణిగినంతా విని, ఫోను పెట్టేసి, అవ్వ పక్కన కూర్చుంది. సభనాటి నుంచీ అడగాలనుకుంటున్నది అప్పుడడిగింది.

"అవ్వా, నిజం చెప్పు. ఆ దినం లెక్కలోకి నిన్ను నువ్వు ఎందుకు ఏసుకుంటివి? మోకాల్ల కోసరమేనా?"

కెంచమ్మ నీళ్ళలోకి లోతుగా పోతున్న పిల్లను కట్టెతో వెనక్కి అదిలించింది.

"లెక్క చెప్తే దిష్టి తగల్తాదే. ముందు ఎవర్ని లెక్కబెడితే వాళ్ళకే తగల్తాది. ఒకటి అనేటప్పుడు మనసులో నన్నే అనుకున్నా. ఆ మీదనే జీవాలను ఏసినా. వచ్చేదేదో నాకే రానీ, వాటిని ముట్టకూడదు."

భూమిక అవ్వ చేతిని పట్టుకుని, ఆ గరుకు వేళ్ళను తన వేళ్ళలోకి తీసుకుంది.

"నాకు చెప్పింటే నేను ముందు నిలబడుదును కదా. నన్ను ఏసుకోవాల్సింది" అంది.

"నిన్నా?" అని కెంచమ్మ చెయ్యి విదిలించుకుని, ఆ చేత్తోనే మనవరాలి తల మీద ఒక్కటేసింది. "నీకేమన్నా అయితే నాకు ఈ జీవాలెందుకే, ఈ దారెందుకే?"